తొలి జపాన్ యాత్రకు ప్యాకేజీ అక్కరలేదు

తొలిసారి జపాన్ వెళ్లే కుటుంబం టూర్ కంపెనీ ప్యాకేజీలోనే వెళ్లాలన్నది దక్షిణ ఢిల్లీ మధ్యతరగతిలో పాతుకుపోయిన అభిప్రాయం. వసంత్ కుంజ్ డీడీఏ ఫ్లాట్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలదీ అదే మాట. సింగపూర్‌కో యూరప్‌కో సొంతంగా టికెట్లు కొనుక్కుని వెళ్లొచ్చినవాళ్లు కూడా జపాన్ అనేసరికి ఏజెంటు నంబరు వెతుక్కుంటారు. ఆ దేశంలో భాష తెలియదు, ఇంగ్లీషు పలకదు, ఖర్చు భరించలేం, శాకాహారికి పట్టెడన్నం దొరకదు, వీసా పని చిక్కుముడి, చెర్రీ పూల కాలంలో తప్ప వెళ్లినా దండగ, ఆ కాలంలో గదులు దొరకవు; కనుక తెలిసినవాళ్ల చేతిలో డబ్బు పెట్టి వాళ్ల వెంట వెళ్లడమే తెలివి అన్నది ఈ పూర్వపక్షం.

ఇందులో ఒక్కో మాటలో ఎంతో కొంత నిజం లేకపోలేదు. అయితే వాటి నుంచి లాగిన తీర్మానం తప్పు. సొంతంగా ప్రణాళిక వేసుకుని వెళ్లడానికి జపాన్ అంత అనువైన దేశాలు తక్కువ. రైలు వేళ, గది, టికెట్, దారి అన్నీ ముందుగానే తెలుసుకునే వీలుంది; కాగితం మీద రాసుకున్నది అక్కడ నేల మీద దాదాపు అలాగే జరుగుతుంది. ప్యాకేజీ కొన్న కుటుంబం డబ్బు ఒక్కటే పోగొట్టుకోదు. వెళ్లబోయే దేశాన్ని ఇంట్లో కూర్చుని నెలల తరబడి తెలుసుకునే అవకాశాన్ని కూడా వదులుకుంటుంది. ఆ నష్టం బిల్లులో కనపడదు కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

జపాన్ పరాయి దేశమన్న భయం మీదే మిగతా భయాలన్నీ నిలబడ్డాయి. వసంత్ కుంజ్ వాసికి ఆ భయం బొత్తిగా నప్పదు. ఇందిరాగాంధీ విమానాశ్రయం మూడో టెర్మినల్ ఆ పేటకు పక్కనే ఉంది. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా, జపాన్ ఎయిర్‌లైన్స్, ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ విమానాలు నేరుగా టోక్యోలోని హనేడాలో దిగుతాయి. వెళ్లేటప్పుడు పట్టేది ఇంచుమించు ఎనిమిది గంటలు. గడియారం మూడున్నర గంటలు ముందుకు జరుగుతుంది. జపాన్ రాయబార కార్యాలయం శాంతిపథ్‌లో ఉంది. నెల్సన్ మండేలా మార్గ్ పక్కనున్న జేఎన్‌యూలో దశాబ్దాలుగా జపనీస్ చదువు చెబుతున్నారు. లాజ్‌పత్ నగర్‌లో జపాన్ ఫౌండేషన్ ఉంది. జపాన్ దుస్తుల సంస్థ యూనిక్లో భారతదేశంలో తన మొట్టమొదటి దుకాణం తెరిచింది 2019 అక్టోబర్‌లో, వసంత్ కుంజ్ యాంబియెన్స్ మాల్‌లోనే. పొరుగున ఉన్న గుర్గావ్‌లో 1983 డిసెంబర్ నుంచి సుజుకి భాగస్వామ్యంతో కార్లు తయారవుతున్నాయి. ఢిల్లీ మెట్రో మొదటి దశ నిర్మాణానికి అయిన ఖర్చులో పెద్ద వాటా జపాన్ ఇచ్చిన రుణం. ఆ మెట్రోలో కార్డు తాకించి గేటు దాటడం, రంగు గీతలు చూసి లైను మారడం అలవాటైన మనిషి టోక్యోలో చేయాల్సిందీ అదే. అక్కడ లైన్లు ఎక్కువ, జనం క్రమశిక్షణ ఎక్కువ.

భాష సంగతికి వద్దాం. టోక్యో మెట్రో 2004లో ప్రతి స్టేషన్‌కూ ఒక అక్షరం, ఒక అంకె కేటాయించింది. పేరు నోరు తిరగకపోయినా ఆ గుర్తు పట్టుకుంటే చాలు. గింజా లైనులో షిబుయా జీ 01. హనేడాలో దిగి అసాకుసాలో గది తీసుకున్న కుటుంబం ఏం చేయాలో చూస్తే ఈ ఏర్పాటు ఎలా పని చేస్తుందో తెలుస్తుంది. టెర్మినల్ కిందనే కేక్యూ రైలు స్టేషన్ ఉంటుంది. అక్కడి నుంచి బయలుదేరే రైళ్లలో చాలావరకు షినగావా దాటాక తోయెయ్ అసాకుసా సబ్‌వే లైనులోకి నేరుగా ప్రవేశిస్తాయి. దిగి మారే పని లేకుండా ఏ 18 అని రాసి ఉన్న స్టేషన్‌లో దిగితే అదే అసాకుసా. పెట్టెలో తలుపు పైన తెర మీద వచ్చే స్టేషన్ పేరు జపనీస్‌లో, ఇంగ్లీషులో మారుతూ కనిపిస్తుంది. చేతిలో గేటుకు తాకించే సుయికా కార్డు ఉంటే టికెట్ లెక్క చూసుకోనక్కరలేదు. చిప్‌ల కొరత వల్ల 2023లో మామూలు సుయికా అమ్మకం ఆపేశారు గానీ 2025 మార్చిలో తిరిగి మొదలుపెట్టారు. ఐఫోన్ ఉన్నవాళ్లు ఆ కార్డును ఫోన్లోనే పెట్టుకోవచ్చు.

చిన్న హోటల్లో వడ్డించే మనిషికి, పల్లెటూరి బస్సు డ్రైవరుకు ఇంగ్లీషు రాదన్నది నిజమే. అయితే ప్యాకేజీలో వెళ్లినవాళ్లు ఆ మనిషిని కలవనే కలవరు. ఆ సమస్య ఎదురు కాకుండా చేసుకోవడానికి కట్టిన మూల్యం ఆ మనిషే. ఫోన్లో అనువాదం, వేలితో చూపించడం, గాజు పెట్టెలో పెట్టిన మైనపు వంటకాల నమూనాలు, వీటితో పని జరిగిపోతుంది. ఏటా కోట్లమంది విదేశీయులు ఇలాగే తిరుగుతున్నారు. 2024లో జపాన్ వెళ్లిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షలు దాటారు. వారిలో భారతీయులు రెండు లక్షల 30 వేలకు పైమాటే. 2019లో ఆ సంఖ్య రెండు లక్షలైనా లేదు.

వీసా విషయంలో ఏజెంటు చేసే సాయం గురించి చాలా గొప్పగా చెబుతారు. అసలు పని చూస్తే అది దరఖాస్తుదారు చేయాల్సిన పనే. 2024 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో ఉండేవారికి జపాన్ పర్యాటక వీసా ఎలక్ట్రానిక్ రూపంలో వస్తోంది. కాగితాలు మాత్రం వీఎఫ్ఎస్ వీసా దరఖాస్తు కేంద్రంలోనే ఇవ్వాలి. పాస్‌పోర్టు, ఫొటో, దరఖాస్తు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, విమాన రిజర్వేషను, ఉద్యోగ రుజువు. ఇవన్నీ ఇంటి బీరువాలో నుంచి రావాల్సినవే, ఏజెంటు దగ్గర ఉండేవి కావు. వసంత్ కుంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లు తక్కువేం కాదు. విదేశీ యాత్రకు శాఖ అనుమతి తెచ్చుకోవడమూ ఉద్యోగి పనే. భారతీయులకు జపాన్ వీసా రుసుము ఏళ్లుగా వందల రూపాయల్లోనే ఉంటూ వచ్చింది. దాని మీద సర్వీసు పేరిట వేలు కట్టడానికి కారణం కనపడదు.

ఆ కాగితాల్లో ఒకటి మాత్రం ప్రత్యేకంగా చూడదగ్గది. రాయబార కార్యాలయం అడిగే బస వివరాల పత్రంలో నాలుగు గళ్లు ఉంటాయి: తేదీ, ఆ రోజు చేయబోయే పని, సంప్రదించాల్సిన చోటు, బస. దిగిన రోజు నుంచి తిరిగి విమానం ఎక్కే రోజు దాకా రోజుకో వరుస నింపాలి. వీసా అధికారికి ఇది తనిఖీ కాగితం, యాత్రికుడికి ఇది యాత్ర మొత్తానికి నమూనా. ఈ గళ్లు నింపడానికి కూర్చున్న కుటుంబం ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండాలో, ఏ ఊరు వదిలేయాలో తేల్చుకోక తప్పదు. కామాకురా టోక్యో నుంచి గంట దూరమని, నారా క్యోటో నుంచి ముప్పావు గంటేనని, వాటి కోసం వేరే హోటల్ మారనక్కరలేదని పటం ముందేసుకుని చూసినప్పుడే తెలుస్తుంది. ఏజెంటు ఆ పత్రాన్ని ముందే అచ్చువేసిన వరుసలతో నింపి సంతకానికి పంపిస్తాడు. యాత్రలో అతి ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆ సంతకంతో చేజారిపోతాయి.

వీసా వచ్చాక ఒక జాగ్రత్త ఉంది. విమానాశ్రయంలో వీసా జారీ నోటీసును ఫోన్ తెర మీద, ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, పీడీఎఫ్, అచ్చు కాగితం చెల్లవు. ఈ ఒక్క నియమం తెలియక మూడో టెర్మినల్ కౌంటరు దగ్గర తడబడేది సాధారణంగా తన వీసా తాను తెరిచి చూసుకోనివాడే.

ఇక ఖర్చు. జపాన్ భరించలేని దేశమన్న పేరు పాతకాలం నాటిది. 2012లో వంద యెన్‌లు కొనడానికి 65 రూపాయల పైనే కావాల్సి వచ్చేది. 2024లో అదే వంద యెన్‌లు 55 రూపాయల చుట్టుపక్కల దొరికాయి. ఆ ఏడాది జులైలో డాలరుతో యెన్ మారకం 1986 తరవాత ఎన్నడూ లేనంతగా పడిపోయింది. ఆ పన్నెండేళ్లలో ఢిల్లీలో అద్దెలు, హోటల్ బిల్లులు ఎంత పెరిగాయో వసంత్ కుంజ్ వాసులకు వేరే చెప్పాలా? టోక్యోలో మామూలు సబ్‌వే ప్రయాణం, నూడుల్స్ గిన్నె, మ్యూజియం టికెట్ నేటి ఢిల్లీవాసి గుండె ఆగిపోయే ధరలు కావు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో పెద్దవాళ్ల ప్రవేశం 200 యెన్‌లు. నిజంగా ఖరీదైనవి రెండు: విమాన టికెట్, రద్దీ కాలంలో గది. ఈ రెండింటి ధరనూ తగ్గించేది ముందుచూపే.

ప్యాకేజీ ధర కుటుంబంలో ఒక్కొక్కరికి సాధారణంగా రెండు లక్షల పైనే పలుకుతుంది. దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాడే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, ఉంటుంది. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే అది వసూలవుతుంది. తరవాత పన్ను లెక్కలో సర్దుబాటైనా అప్పటిదాకా ఆ సొమ్ము చేతిలో ఉండదు. విమాన టికెట్టూ గదీ విడివిడిగా కొనుక్కుంటే ప్యాకేజీ కిందికి రావు.

జేఆర్ పాస్ ఈ గందరగోళానికి మరో ఉదాహరణ. జపాన్ వెళితే ముందుగా కొనాల్సింది ఆ రైలు పాసేనని ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ సలహా 2023 అక్టోబర్‌తో కాలం చెల్లింది. అప్పటిదాకా 29,650 యెన్‌లున్న ఏడురోజుల పాస్ ఆ నెలలో ఒక్కసారిగా 50,000 యెన్‌లైంది. టోక్యో నుంచి క్యోటోకు షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు టికెట్ 14 వేల యెన్‌ల చిల్లర. క్యోటో నుంచి ఒసాకాకు మామూలు రైల్లో అరగంట, ఆరువందల యెన్‌లలోపు. ఒసాకా నుంచి తిరిగి టోక్యోకు 15 వేల లోపే. మొత్తం కలిపినా 30 వేలు దాటదు. ఈ దారిలో వెళ్లే కుటుంబం పాస్ కొంటే మనిషికి 20 వేల యెన్‌లు వృథా. కాగితం, పెన్ను పట్టుకుని కూడికలు చేసుకున్నవాడికి ఇది పది నిమిషాల్లో తేలిపోతుంది. పాస్ కలిపి ఇస్తున్నామని ప్యాకేజీ పత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తే అది లాభమనిపిస్తుంది.

ప్యాకేజీ మీద అసలు అభ్యంతరం డబ్బు కాదు, అది రోజుల్ని ఖర్చుపెట్టే తీరు. ఏడు రోజుల్లో టోక్యో, ఫుజి పర్వతం, హకోనే, క్యోటో, నారా, ఒసాకా, వీలైతే హిరోషిమా. మార్కెట్‌లో తరచుగా కనిపించే క్రమం ఇదే. మూడునాలుగు హోటళ్లు మారాలి. హోటల్ మారిన ప్రతిసారీ సామాను సర్దడం, బస్సు కోసం హాల్లో గుమిగూడడం, కొత్త చోట గది ఇచ్చేదాకా ఆగడం, ఇందులోనే సగం రోజు పోతుంది. సాయంత్రం ఆరున్నరకు ఇండియన్ హోటల్లో భోజనం కుదిర్చి ఉంటుంది కాబట్టి గుంపంతా అక్కడికి చేరాలి. క్యోటోలో ఆ వేళకే గుళ్ల ముంగిళ్లు ఖాళీ అవుతాయి, కామో నది ఒడ్డున ఊరివాళ్లు చేరతారు, ఇరుకు వీధుల్లో దీపాలు వెలుగుతాయి. చూడదగ్గ వేళలో గుంపు బస్సులో ఉంటుంది.

పది రాత్రులున్న కుటుంబానికి రెండు ఊళ్లు చాలు. టోక్యోలో ఐదారు రాత్రులు, క్యోటోలోనో ఒసాకాలోనో నాలుగు. మిగతావన్నీ అక్కడి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో ఉన్నవే. క్యోటో నుంచి హిరోషిమా కూడా రెండు గంటల లోపు ప్రయాణం. 1964 అక్టోబర్ 1న, టోక్యో ఒలింపిక్స్‌కు కొద్దిరోజుల ముందు, తొకైదో షింకాన్‌సెన్ మొదలైనప్పటి నుంచి ఆ దేశం ఊళ్ల మధ్య దూరాన్ని గంటల్లో కొలవడం నేర్చుకుంది. ఆ సౌకర్యాన్ని వాడుకోకుండా రోజుకో హోటల్ మారడం అర్థం లేని పని.

సామాను బరువు గురించి కూడా భయపెడతారు. తొకైదో షింకాన్‌సెన్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు 2020 నుంచి ప్రత్యేక సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. మన ఇళ్లలో అమెరికా ప్రయాణాలకు కొన్న పెద్ద సూట్‌కేసులు చాలావరకు ఆ కొలతకు దరిదాపుల్లో ఉంటాయి. ఇంట్లోనే టేపు పెట్టి చూసుకోవాలి. అంతకన్నా మంచి మార్గం తక్యుబిన్. యమతో సంస్థ 1976లో మొదలుపెట్టిన ఈ ఇంటింటి పార్సెల్ సేవలో టోక్యో హోటల్ కౌంటరులో పెట్టె ఇస్తే మామూలుగా మరునాటికి క్యోటో హోటల్‌కు చేరుతుంది. రెండు మూడు వేల యెన్‌లతో ఆ పని అవుతుంది. చేతిసంచితో రైలెక్కే ముసలి తల్లిదండ్రులకు ఇంతకన్నా మేలు చేసే ఏర్పాటు ఏ ప్యాకేజీలోనూ లేదు.

కాలం విషయంలో ప్రచారంలో ఉన్న మాట మరీ అన్యాయమైనది. సకురా, అంటే చెర్రీ పూలు, చూడకపోతే జపాన్ చూడనట్టేనని అంటారు. పూలు అందమైనవే, కాదనేవారు లేరు. కానీ ఆ పూలు ఏ తేదీకి వస్తాయో చెప్పడం ఆ దేశ వాతావరణ శాఖకే కష్టం. టోక్యోలో యాసుకుని మందిరం ఆవరణలోని ఒక నమూనా చెట్టుకు ఐదారు పూలు విచ్చితే సీజన్ మొదలైనట్టు ప్రకటిస్తారు. 2023లో ఆ ప్రకటన మార్చి 14న వచ్చింది, 2024లో మార్చి 29న. రెండేళ్ల మధ్య పదిహేను రోజుల తేడా. నిండుగా పూసిన పూలు వారం నిలిస్తే గొప్ప, వాన పడితే అదీ లేదు. ఆరు నెలల ముందే అచ్చైన ప్యాకేజీ తేదీలు ఈ చెట్టు మాట వినవు. పైగా ఇంట్లో పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలుంటే అది బోర్డు పరీక్షల కాలం. గదుల ధరలు ఏడాదిలోకెల్లా మండిపోయే కాలమూ అదే.

ఢిల్లీ బడుల సెలవులు చూసుకుంటే జపాన్‌కు మంచి రోజులు వేరే ఉన్నాయి. మే నెల మొదటి వారంతో అక్కడ గోల్డెన్ వీక్ సెలవులు ముగుస్తాయి, ఊళ్లలో రద్దీ తగ్గుతుంది. జూన్ రెండో వారం నాటికి టోక్యో ప్రాంతంలో వానాకాలం మొదలవుతుంది. ఈ రెండింటి నడుమ, ఢిల్లీలో వడగాలి వీచే మే రెండో సగం, జపాన్‌లో చల్లని ఆకుపచ్చని కాలం. వేసవి సెలవులు మొదలైన వెంటనే బయలుదేరే కుటుంబానికి అది చేతికందేదే. చలికాలం సెలవులు మరో అవకాశం. డిసెంబర్, జనవరి నెలల్లో టోక్యో ఆకాశం పొడిగా, తేటగా ఉంటుంది. ఫుజి శిఖరం స్పష్టంగా కనిపించేది ఆ రోజుల్లోనే. పొగమంచుతో కళ్లు మండే ఢిల్లీ నుంచి వెళ్లిన పిల్లలు నూరు కిలోమీటర్ల దూరంలోని కొండను భవనం పైనుంచి చూడగలగడం చిన్న సంగతి కాదు. జనవరి 1 నుంచి 3 దాకా చాలా దుకాణాలు, మ్యూజియాలు మూసి ఉంటాయి, అది మాత్రం గుర్తుంచుకోవాలి. జపనీయులు కొత్త సంవత్సరానికి గుళ్లకు పోటెత్తే రోజులు అవి. వాళ్లతో కలిసి వరుసలో నిలబడడం ఆ దేశాన్ని దగ్గరగా చూడడమే.

తిండి గురించిన భయానికి గట్టి ఆధారం ఉంది. జపాన్ వంటలో దాదాపు ప్రతి పులుసుకూ మూలం దాషి. ఎండబెట్టి పొగపట్టించిన చేపను పొరలుగా గీకి వేడినీళ్లలో వేసి తీసే రసం అది. కూరగాయల సూపులో, సోబా, ఉదోన్ నూడుల్స్‌లో, పైకి శుద్ధ శాకాహారంలా కనిపించే ముక్కల మీద కూడా అది ఉంటుంది. రామెన్ రసం చాలాచోట్ల పంది ఎముకలది. చేప తినే తెలుగువాడికి ఇందులో ఇబ్బంది కొంతే. పూర్తి శాకాహారికి మాత్రం ఇది ముందే తెలిసి ఉండాల్సిన విషయం. తెలిసినవాడికి దారులున్నాయి. బౌద్ధ భిక్షువుల షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేప మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దాషి కూడా సముద్రపు నాచు, పుట్టగొడుగులతో చేస్తారు. కార్తీక మాసం నియమాలు తెలిసిన ఇంటికి ఆ పళ్లెం పరాయిది కాదు. క్రీ.శ. 816లో బౌద్ధ గురువు కూకై ఆశ్రమం స్థాపించిన కోయా పర్వతం మీద సుమారు 50 ఆలయాలు యాత్రికులకు గది ఇచ్చి, రాత్రి, పొద్దున ఈ భోజనమే పెడతాయి. క్యోటోలో టోఫు వంటకాలకు పేరున్న హోటళ్లు నాన్‌జెన్‌జి గుడి చుట్టూ ఉన్నాయి.

ఊరి తిండి మీద మనసు పోతే టోక్యోలో దానికీ లోటు లేదు. షింజుకులోని నకమురాయాలో 1927 నుంచి భారతీయ కూర వడ్డిస్తున్నారు. ఆ వంటకాన్ని అక్కడ పరిచయం చేసినవాడు బ్రిటిష్‌వారి నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన రాస్‌బిహారీ బోస్. ఎదోగావా వార్డులోని నిషి కసాయ్‌లో భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి, పప్పులూ మసాలాలూ అక్కడ దొరుకుతాయి. ఒకాచిమాచిలో, గింజాలో ఆంధ్ర పేరు పెట్టుకున్న హోటళ్లే నడిచాయి. వీటన్నిటికన్నా తేలికైన ఏర్పాటు ఒకటి ఉంది. ఏ వీధి మూల కన్వీనియెన్స్ స్టోరులోనైనా వండి మూతవేసిన తెల్లన్నం దొరుకుతుంది, కౌంటరు వెనక మైక్రోవేవ్‌లో వేడి చేసి ఇస్తారు. పక్క అరలో చక్కెర లేని పెరుగు డబ్బా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి కలిపితే ముద్దపప్పు లేని లోటు కాస్త తీరుతుంది, ఆఖర్న పెరుగన్నం ఉండనే ఉంది. ఇంత సులభమైన దానికోసం రోజూ సాయంత్రాన్ని బస్సుకు అప్పగించనక్కరలేదు.

మూటలో ఏం పెట్టుకోవాలో కూడా ముందే చూసుకోవాలి. మాంసం పచ్చళ్లు జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు మొక్కల తనిఖీ ధ్రువపత్రం లేకుండా కుదరవు. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ పాలు హద్దు దాటితే అవి అక్కడ నిషిద్ధం. నెల రోజుల వాడకానికి మించి తీసుకెళ్లే మందులకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. తల్లిదండ్రుల బీపీ, షుగర్ మందుల లెక్క ఇంట్లోవాళ్లకు తెలిసినంతగా టూర్ మేనేజరుకు తెలియదు.

సొంత ప్రణాళిక వేసుకునేవాళ్లు చేసే తప్పు మరొకటుంది; దాన్ని చూపించే ప్యాకేజీవాదులు మా మాటే నిజం చూడండి అంటారు. రీల్స్ చూసి నలభై చోట్ల జాబితా రాసుకుని, గంటగంటకూ ఒక పేరు వేసి, చివరికి అలసిపోయి తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. అది ప్రణాళిక పేరుతో ఇంట్లోనే తయారైన మరో ప్యాకేజీ. ఒకే ఫొటో కోసం అందరూ ఒకే చోటికి వెళ్లడం వల్లే 2024లో క్యోటో గియోన్‌లోని ప్రైవేటు సందుల్లోకి పర్యాటకుల ప్రవేశాన్ని నిషేధించి, ఉల్లంఘిస్తే పదివేల యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. ఫుజికావాగుచికోలో లాసన్ దుకాణం వెనక ఫుజి కనపడకుండా నల్లని తెర కట్టాల్సి వచ్చిందీ ఆ ఏడాదే. ముందే బిగించాల్సినవి కొన్నే: విమానం, గదులు, ఊరు మారే రోజు రైలు, టికెట్ ముందుగా కొంటే తప్ప లోపలికి రానివ్వని ఒకటి రెండు చోట్లు. మితాకాలోని జిబ్లీ మ్యూజియం టికెట్లు వచ్చే నెలవి ప్రతి నెలా పదో తేదీన జపాన్ సమయం ఉదయం పది గంటలకు అమ్మకానికి వస్తాయి. వసంత్ కుంజ్‌లో అప్పుడు ఉదయం ఆరున్నర. పాల ప్యాకెట్ వచ్చే వేళకు పిల్లలూ తల్లిదండ్రులూ ఒకే తెర ముందు కూర్చుని నాలుగు టికెట్లు సంపాదిస్తే, యాత్ర ఆ పూటే మొదలైనట్టు. మిగతా రోజుల్ని ఖాళీగా వదిలేయాలి.

ఈ ముందస్తు నెలల విలువ ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో జెరోన్ నావైన్ బృందం 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవు యాత్రకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కన్నా ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. తిరిగొచ్చాక మాత్రం, యాత్ర ఎంతో హాయిగా గడిచినవాళ్లను మినహాయిస్తే, ఆ రెండు వర్గాల మధ్యా తేడా కనపడలేదు. తెలుగువాళ్లకు ఇది కొత్త విషయం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. మజిలీ మజిలీకీ దూరమెంత, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని ఆయన రాసిపెట్టింది తరవాత వెళ్లేవాళ్లు సొంతంగా ఏర్పాటు చేసుకోవడానికే. రైలూ తపాలా బిళ్లా లేని రోజుల్లో ఆ పని చేసిన జాతికి, అరచేతిలో టైంటేబుల్ ఉన్న రోజుల్లో చేతకాదనడం చెల్లదు.

ఆ నెలల్లో నేర్చుకోదగ్గవి ఎన్నో ఉన్నాయి. హిరగానా లిపిలో మూల అక్షరాలు 46. వాటిని అ, ఇ, ఉ, ఎ, ఒ అచ్చులతో మొదలుపెట్టి క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలో చెబుతారు. సంస్కృత వర్ణక్రమాన్ని బౌద్ధుల సిద్ధం లిపి చదువుల ద్వారా జపాన్ అందుకోవడమే ఆ వరుసకు మూలం. తెలుగు గుణింతం వచ్చిన పిల్లవాడికి ఆ పట్టిక చూడగానే పట్టుబడుతుంది. రెండు వారాల సాయంత్రాలు చాలు. నారా తోదాయ్‌జిలోని మహాబుద్ధుడికి 752లో కళ్లు తెరిపించే క్రతువు చేసింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. క్యోటో నిషి హోంగన్‌జిలో కొలిచే జోదో షిన్ సంప్రదాయానికి ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడు నాగార్జునుడు. నాగార్జునకొండ చూసిన తెలుగు కుటుంబం ఆ గుళ్లో అడుగుపెట్టేముందు ఈ సంగతి చదువుకుని వెళ్తే, అక్కడ గడిపే గంటకు వేరే బలం వస్తుంది. ప్యాకేజీ గైడు పట్టిక దాని ఊసెత్తదు. బస్సు ఆగే చోట్ల జాబితాలో ఆ గుడే ఉండదు.

ఒంటరిగా నడవలేనివారు, తోడు లేని వృద్ధులు, కాగితాలు చూసుకునే ఓపిక లేనివారు గుంపుతో వెళ్తే తప్పు పట్టడానికి లేదు. వాళ్ల కోసం పుట్టిన ఏర్పాటును తొలిసారి వెళ్లే ప్రతి ఒక్కరికీ నియమంగా చెప్పడమే తప్పు. ఢిల్లీలో ఇల్లు నడుపుతూ, మెట్రో మారుతూ, పిల్లల్ని బడిలో చేర్పించడానికి ఇంతకన్నా కష్టమైన ఫారాలు నింపిన దంపతులకు జపాన్ యాత్ర ఏర్పాట్లు చేతగానివి కావు. ఒకసారి ప్రవేశానికి ఇచ్చే పర్యాటక వీసా జారీ అయిన నాటి నుంచి మూడు నెలలు చెల్లుతుంది. కాబట్టి మే నెలలో వెళ్లదలచినవాళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో కాగితాలు ఇస్తే సరిపోతుంది. అంతకుముందు నాలుగైదు నెలలు పటం ముందు గడపడానికి ఉన్నాయి. ఏజెంటుకు అడ్వాన్సు కట్టే ముందు, వసంత్ కుంజ్ కుటుంబాలు రాయబార కార్యాలయం వారి బస వివరాల పత్రాన్ని దించుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కసారి తమ చేత్తో నింపి చూడాలి.